అనలాగ్ గడువు మళ్లీ ఆగింది: దక్షిణాఫ్రికాలో చిక్కు ఎక్కడ పడింది?

దక్షిణాఫ్రికాలో పాత పద్ధతి అనలాగ్ టీవీ ప్రసారాలు 2025 మార్చి 31తో ఆగిపోయి, డిజిటల్ ప్రసారాలే మిగలాల్సింది. అక్కడి ఉచిత ఛానల్ ఈ.టీవీ (e.tv) కోర్టుకెక్కడంతో గడువుకు కొద్ది రోజుల ముందు ప్రిటోరియా హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆపింది. 2022లోనూ ఇంతే. ప్రభావం పడేవాళ్లను అడగకుండా కమ్యూనికేషన్ల మంత్రి తేదీ ఖరారు చేశారంటూ దేశ అత్యున్నత న్యాయస్థానమైన రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఏటి జూన్ 30 గడువును కొట్టేసింది.

ప్రసార తరంగాలపై దేశాలు కుదుర్చుకున్న జెనీవా ఒప్పందం ప్రకారం అసలు గడువు 2015 జూన్ 17. అది దాటిపోవడానికి నిధుల కొరత, టెండర్ల గొడవలు అని చాలా కారణాలు చెబుతారు. కానీ అసలు ముడి ఆ ఏడాది మార్చిలో పడింది. పేద కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే దాదాపు 50 లక్షల సెట్‌టాప్ బాక్సుల్లో (పాత టీవీలో డిజిటల్ బొమ్మ రావాలంటే ఇవి కావాలి) ఎన్‌క్రిప్షన్, అంటే సిగ్నల్‌కు తాళం వేసే సదుపాయం, ఉండకూడదని అప్పటి మంత్రి ఫెయిత్ ముతాంబి విధానాన్ని సవరించారు.

ఈ.టీవీ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. సిగ్నల్‌కు తాళం లేకపోతే మేలైన హెచ్‌డీ కార్యక్రమాల హక్కులు ఉచిత ఛానళ్లకు దొరకడం కష్టం. నాసిరకం బాక్సులు బజారులోకి వచ్చిపడితే బొమ్మ రాని ప్రతిసారీ జనం ఛానల్‌నే తప్పుపడతారు. డబ్బున్నవాళ్లు పే టీవీకి వెళ్లిపోతారు, ఉచిత టీవీ పేదవాళ్లకే మిగులుతుంది. ఎన్‌క్రిప్షన్‌తో బాక్సు ధర పెరుగుతుందన్నది పే టీవీ కంపెనీ మల్టీచాయిస్ వాదన. 2016 మేలో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఈ.టీవీ వైపు నిలిచింది. 2017 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం మెజారిటీ తీర్పుతో మంత్రి సవరణను నిలబెట్టింది. వ్యాజ్యం నడిచినన్నాళ్లూ ఏ బాక్సు ఖాయమో ఎవరికీ తెలియదు.

బాక్సు చేతికొచ్చినా పని పూర్తయినట్టు కాదు. అనలాగ్ వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అనే రెండు తరంగ శ్రేణుల్లోనూ వచ్చేది, డిజిటల్ యూహెచ్ఎఫ్‌లోనే వస్తుంది. ఇంటిమీద పొడవాటి కడ్డీల వీహెచ్ఎఫ్ యాంటెనా ఒక్కటే ఉంటే దాన్ని మార్చి, ప్రభుత్వ ప్రసార సంస్థ సెంటెక్ టవర్ వైపు తిప్పి, ఛానళ్లను స్కాన్ చేయాలి. టవర్ల సిగ్నల్ జనాభాలో 84 శాతానికే అందేలా ప్రణాళిక వేశారు. మిగతావాళ్లకు డిష్, ఉపగ్రహ బాక్సు వేరేగా కావాలి. కొండచాటు ఇంటికి మామూలు బాక్సు ఇచ్చి లాభం లేదు. సిగ్నల్ తగ్గితే అనలాగ్ బొమ్మ చుక్కలతోనైనా కనబడేది. డిజిటల్ బొమ్మ ముందు గళ్లుగళ్లుగా విడిపోతుంది, ఆ తర్వాత తెర నల్లబడుతుంది. అందుకే బాక్సులు ఎన్ని పంచారన్న లెక్క చాలదు, ఎన్ని ఇళ్లలో బొమ్మ వస్తోందో చూడాలి.

మొబైల్ కంపెనీలకు తరంగాలు కావాలన్న తొందర ఇప్పుడు మునుపటంత లేదు. 2022 మార్చిలో ఆ తరంగాల వేలంలో ప్రభుత్వానికి 1,440 కోట్ల ర్యాండ్లు వచ్చాయి. మొబైల్‌కు కేటాయించిన 694 మెగాహెర్ట్జ్‌కు పైన ఉన్న అనలాగ్ ప్రసారాల తొలగింపుకు 2023 జూలై 31 వేరే గడువుగా పెట్టారు. ఇక మిగిలింది రెండు ప్రసారాలను పక్కపక్కన నడిపే ఖర్చు. అప్పుల్లో ఉన్న ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్ఏబీసీ, టవర్లు నడిపే సెంటెక్‌కు రెండింటికీ కట్టాలి. ఆ భారం బడ్జెట్ మోయాలా, బాక్సు అందని ఇల్లు మోయాలా అన్నదే ఈ తగాదాకు మూలం.