నేపాల్ ప్రతినిధి సభ: 149 సంతకాల నుంచి 61వ అధికరణ దాకా

2025 సెప్టెంబర్ 12 రాత్రి రద్దయిన నేపాల్ పార్లమెంటు దిగువ సభ, అంటే ప్రతినిధి సభను పునరుద్ధరించాలంటూ పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. సోషల్ మీడియా నిషేధంపై ఆందోళన, కాల్పులు, మంటల్లో ప్రభుత్వ సచివాలయం సింహదర్బార్, ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా అందరికీ తెలిసినవే. కోర్టు ముందుకు వెళ్లిన ప్రశ్నకు మూలం మాత్రం 2021 మేలో ఉంది.

సభలో 275 సీట్లు. 165 మంది నియోజకవర్గాల నుంచి, 110 మంది దామాషా పద్ధతిలో పార్టీ జాబితాల నుంచి వస్తారు. దామాషా సీట్లలో జాతీయ పార్టీగా వాటా కావాలంటే 3 శాతం ఓట్లు రావాలి. మెజారిటీకి 138 కావాలి. ఈ పద్ధతిలో ఆ అంకె ఏ ఒక్క పార్టీకైనా అందడం కష్టం. 2022 ఎన్నికల్లో అతి పెద్ద పార్టీ నేపాలీ కాంగ్రెస్‌కు వచ్చినవి 89.

2018 సెప్టెంబర్ 6న తెలంగాణ మంత్రివర్గం సిఫార్సు చేసిన రోజే గవర్నర్ శాసనసభను రద్దు చేశారు. నేపాల్ ప్రధానికి ఆ వెసులుబాటు లేదు. 2002 మేలో రద్దయిన సభ 2006 ఏప్రిల్ దాకా తిరిగి కూర్చోలేదు. ఆ నడుమ రాజు పాలన నడిచింది. ఆ చేదు అనుభవంతోనే 2015 రాజ్యాంగంలో 76వ అధికరణను మెట్లుగా పేర్చారు. మొదట మెజారిటీ పార్టీ నేత. లేకపోతే కూటమి నేత. అదీ కుదరకపోతే అతి పెద్ద పార్టీ నేత. ఈ చివరి ఇద్దరూ 30 రోజుల్లో బలం నిరూపించుకోవాలి. అతి పెద్ద పార్టీ నేత కూడా ఓడితే, విశ్వాసం పొందగలనని ఆధారం చూపే ఏ సభ్యుడికైనా 76(5) కింద అవకాశమివ్వాలి. ఆ మెట్టు కూడా విఫలమయ్యాకే 76(7) కింద రద్దు, ఆరు నెలల్లో ఎన్నికలు. అవిశ్వాసానికీ ఇలాంటి కంచెలే ఉన్నాయి: నాలుగో వంతు సభ్యుల సంతకాలు కావాలి, ప్రత్యామ్నాయ ప్రధాని పేరు రాయాలి, మొదటి రెండేళ్లు తీర్మానమే పెట్టకూడదు.

2020 డిసెంబర్ 20న ఓలీ ఈ మెట్లు ఎక్కకుండానే సభను రద్దు చేయించారు. 2021 ఫిబ్రవరి 23న కోర్టు దాన్ని కొట్టేసింది. మే 10న ఓలీ విశ్వాస తీర్మానంలో ఓడారు: అనుకూలం 93, వ్యతిరేకం 124. మూడు రోజులకే అతి పెద్ద పార్టీ నేతగా మళ్లీ ప్రధాని అయ్యారు. ఈసారి బలపరీక్షకు వెళ్లకుండా 76(5) ప్రక్రియ మొదలుపెట్టమన్నారు. అధ్యక్షురాలు విద్యాదేవి భండారీ ఇచ్చిన గడువు మర్నాడు సాయంత్రం 5 గంటలు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. నేపాలీ కాంగ్రెస్ నేత షేర్ బహదూర్ దేవుబా 149 మంది సభ్యుల సంతకాలతో వచ్చారు. అందులో కొన్ని ఓలీ సొంత పార్టీ యూఎంఎల్ వాళ్లవే. ఓలీ తనకు 153 ఉన్నాయన్నారు: యూఎంఎల్ 121, జనతా సమాజ్‌వాదీ 32. సభ్యుల సంతకాలు లేవు, పార్టీల మొత్తం బలాన్నే కూడారు. 275 మంది సభలో రెండు లెక్కలు కలిపితే 302! అధ్యక్షురాలు ఇద్దరినీ తిరస్కరించి అర్ధరాత్రి సభను రద్దు చేశారు.

జులై 12న రాజ్యాంగ ధర్మాసనం ఆ రద్దును కొట్టేసి దేవుబాను ప్రధానిగా నియమించమని ఆదేశించింది. తీర్పులో రెండు మాటలు నేటికీ కీలకం. 76(5) కింద సభ్యుడి మద్దతు అతని సొంతం, పార్టీ విప్ అక్కడ చెల్లదు. బలం తేలాల్సింది సభలో, అధ్యక్ష భవనం శీతల్ నివాస్‌లో కాదు. జులై 18న సభ కూర్చుంది. దేవుబాకు 249 ఓట్లలో 165 వచ్చాయి. రద్దయిపోయిందన్న సభ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకోగలిగింది.

2025 రద్దును ఆ తీర్పుతో పోల్చి చూడాలి. ఓలీ తర్వాత తాత్కాలిక ప్రధానిగా నియమితురాలైన మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ సభ్యురాలు కాదు. 76వ అధికరణ కింద ప్రధాని అయ్యేవారు ప్రతినిధి సభ సభ్యులై ఉండాలి. సభ్యత్వం లేకుండా ఆరు నెలలు కొనసాగే వీలు 78వ అధికరణ మంత్రులకు ఇచ్చింది. మాజీ న్యాయమూర్తులు ఇతర ప్రభుత్వ పదవులు చేపట్టకుండా 132(2) అడ్డుపడుతుంది. ఓలీ రాజీనామా తర్వాత సభలోంచి మరో ప్రభుత్వం కోసం ఒక్క మెట్టూ పరీక్షించలేదు. సెప్టెంబర్ 13న ఎనిమిది పార్టీలు రద్దును తప్పుబట్టినప్పుడు వాటి ప్రతిష్ఠ అడుగంటి ఉంది, నిజమే; అంతమాత్రాన వాదన బలహీనపడదు. 2021లో సభను కాపాడిన తర్కమే ఇది.

ప్రభుత్వ పక్షం వాదన వేరు: అధ్యక్షుడు రామచంద్ర పౌడేల్ 61వ అధికరణ కింద రాజ్యాంగ పరిరక్షణ బాధ్యతతో వ్యవహరించారు. ప్రాణాలు పోయాయి, పార్లమెంటు భవనం కాలిపోయింది, ఆందోళనకారులు రద్దు కోరారు. ఎన్నికల తేదీగా ప్రకటించిన 2026 మార్చి 5 కూడా ఆరు నెలల గడువులోపే ఉంది.

సభ రద్దయితే అందులో పరిశీలనలో ఉన్న బిల్లులు మురిగిపోతాయి, చట్టాల బదులు ఆర్డినెన్సులు నడుస్తాయి. 59 మంది ఎగువ సభ మిగిలినా ప్రభుత్వాన్ని పడగొట్టే అధికారం దానికి లేదు. కోర్టు పునరుద్ధరిస్తే ఎవరైనా మళ్లీ 138 కూడగట్టాల్సిందే. రద్దును సమర్థిస్తే, 76 మెట్లు ఎక్కకుండా 61 దారిన సభను దించే వీలు తర్వాతి అధ్యక్షులకూ ఉంటుంది.