ఇంజన్ అరిచినా గేర్ మార్చొద్దు

న్యూజెర్సీలో ఉండే మా ఫ్రెండ్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో హోండా ఎస్2000 కొన్నాడు, కొన్న వారానికే ఫోన్ చేసి "ఒరేయ్ దీనికి పికప్పే లేదురా, పేరుకే స్పోర్ట్స్ కారు" అని ఒకటే ఏడుపు. ఎంత ఆర్పీఎంలో (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో ఆ లెక్క) గేర్ మారుస్తున్నావురా అంటే 4000 దాటనివ్వట్లేదంట, ఇంజన్ అరుస్తోందని భయమంట. తప్పు వాడిది కాదులెండి, డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు పక్క సీట్లో ఆయన మనందరికీ నూరిపోసింది అదే కదా, "అరుస్తోంది, గేర్ మార్చు" అని. ఆల్టోకి ఆ మాట చాలు. ఈ కారుకి మాత్రం అసలు కథ మొదలయ్యేదే ఆ అరుపు దగ్గర.

ఇంజన్ చూస్తే 2 లీటర్లే, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో కూడా లేదు, అయినా అమెరికా మోడల్ 240 హార్స్‌పవర్, జపాన్‌లో అమ్మింది 250. ఎలా అంటే తిరిగే తిరుగుడులోనే ఉంది కిటుకంతా. పవర్ అంటే టార్క్‌ని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, ఆర్పీఎంతో గుణించడమే, చిన్న ఇంజన్‌కి టార్క్ ఎలాగూ పెద్దగా రాదు కాబట్టి హోండా వాళ్ళు రెండో అంకెని పట్టుకున్నారు. టార్క్ పీక్ 7500 దగ్గర, పవర్ పీక్ 8300 దగ్గర, రెడ్‌లైన్, అంటే ఇంజన్ దాటకూడని గీత, 8900. మన బుల్లెట్ 350కి 4000 దగ్గరే టార్క్ పీక్ అయిపోతుంది, డుగ్ డుగ్ మంటూ లాగేస్తుంది, ఇది దానికి పూర్తిగా ఉల్టా.

సరే, టార్క్ 7500 దగ్గర పీక్ కాబట్టి అక్కడే గేర్ మార్చెయ్యాలి అంటారు చాలామంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ తప్పు. రోడ్డుని తోసేది ఇంజన్ కాదు, చక్రం, చక్రానికి చేరేది టార్క్ ఇంటూ గేర్ రేషియో (గేర్‌బాక్స్ అవతల ఒక్క చుట్టుకి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క). బండరాయి లేపేటప్పుడు గడ్డపార పొడుగ్గా ఉంటే పని తేలిక కదా, కింది గేరు అంటే పొడుగు గడ్డపార, పై గేరు వేసిన ప్రతిసారీ దాన్ని కొంత నరికేసుకుంటున్నట్టే.

ఒక్క లెక్క చూడండి. ఈ కారులో సెకండ్ గేర్ రేషియో 2.045, థర్డ్ 1.481. 8300 దగ్గర టార్క్ సుమారు 206 న్యూటన్ మీటర్లు, అంటే సెకండ్‌లో గేర్‌బాక్స్ నుంచి వచ్చేది 421. అదే థర్డ్ వేశామనుకోండి, పోనీ అక్కడ పీక్ టార్క్ 208 మొత్తం దొరికిందనే అనుకుందాం, అప్పుడు కూడా 308 దాటదు! అంటే సెకండ్‌లో ఇంజన్ టార్క్ 150కి పడిపోయేదాకా థర్డ్‌కి వెళ్ళడం వల్ల పైసా లాభం లేదు, రెడ్‌లైన్‌లోపు అంతగా పడిపోనే పోదు. కాబట్టి గట్టిగా లాగాలంటే ఈ కారుకి జవాబు ఒకటే, దాదాపు రెడ్‌లైన్ దాకా ఉంచడం.

ఇంకో కారణం కూడా ఉంది, నాకైతే ఇదే ఇంట్రెస్టింగ్. ఈ ఇంజన్‌లో వీటెక్ ఉంటుంది, అంటే వాల్వులు (ఇంజన్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే తలుపులు) తెరవడానికి కామ్ అనే తిరిగే కడ్డీ మీద రెండు రకాల ఉబ్బులు, కింది ఆర్పీఎంలో చిన్నది, 6000కి కాస్త అటూ ఇటూగా ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి రాకర్ ఆర్మ్‌లని (ఉబ్బుకీ వాల్వుకీ మధ్య ఉండే మీటలని) కలిపేస్తుంది, అప్పట్నుంచి పెద్ద ఉబ్బు వాల్వుల్ని ఎక్కువ లోతుకి, ఎక్కువసేపు తెరుస్తుంది, సౌండే మారిపోతుంది. ఇప్పుడు సెకండ్‌లో 8900 దగ్గర మారిస్తే థర్డ్‌లో ముల్లు 6450 దగ్గర పడుతుంది, వీటెక్‌లోనే ఉన్నాం. 7500కే మారిస్తే 5430కి జారుతుంది, పెద్ద కామ్ వదిలేసింది, మళ్ళీ అక్కడిదాకా ఈడ్చుకుంటూ ఎక్కాలి. (ముల్లు అన్నాను కానీ ఇందులో ముల్లు ఉండదు, వంపుగా వెలిగే డిజిటల్ మీటరు.) ఫస్ట్ నుంచి సెకండ్‌కి మాత్రం గ్యాప్ పెద్దది, 8900 దాకా లాగినా 5800కి పడుతుంది, అక్కడ ముందే మార్చిన వాడికి ఇంకా నష్టం.

మరి 8900 దాటి ఎందుకు పోకూడదు? 9000 ఆర్పీఎం అంటే సెకనుకి 150 తిరుగుళ్ళు, ఒక్కో వాల్వు సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి, స్ప్రింగుకి అంతకంటే ఓపిక లేదు. పిస్టన్ స్ట్రోక్, అంటే అది ఒక చివర నుంచి ఇంకో చివరకి కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు, 8900 దగ్గర దాని సగటు వేగం సెకనుకి 25 మీటర్లు, అదీ ప్రతి చివరా ఆగి వెనక్కి తిరుగుతూ. 2004లో అమెరికా మోడల్‌కి స్ట్రోక్ పెంచి 2.2 లీటర్లు చేశారు, రెడ్‌లైన్ 8000కి దించాల్సొచ్చింది.

రెడ్‌లైన్ దాటితే ఆపడానికి లిమిటర్ ఉందిగా అనుకోవద్దు. అది పెట్రోల్ ఆపగలదు అంతే. థర్డ్‌లో 8900 దగ్గర ఫోర్త్ వెయ్యబోయి కంగారులో సెకండ్‌లో పడేసి క్లచ్ వదిలితే చక్రాలే ఇంజన్‌ని 12000 పైకి తిప్పేస్తాయి, పెట్రోల్‌తో పనే లేదు. వాల్వులు వెళ్ళి పిస్టన్లకి గుద్దుకుంటాయి. ఇంకోటి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈ వేషాలు వద్దు, ఆయిల్ వేడెక్కాలి.

రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు 3000కే మార్చుకోండి, మైలేజీకి అదే మంచిది, ఇంజన్‌కి ఏమీ కాదు. మావాడికీ అదే చెప్పాను, కానీ హైవే ఎక్కే ర్యాంపు మీద ఒక్కసారి సెకండ్‌లోనే ఉంచి చూడరా అన్నాను, ఆ గేరులో రెడ్‌లైన్ దగ్గర స్పీడ్ దాదాపు 108 కిలోమీటర్లు, అంటే అక్కడి లెక్కలో 67 మైళ్ళు, ర్యాంపుకి సరిగ్గా సరిపోతుంది. మీటర్ 8900 చూపించేదాకా ఎదురుచూడకు, 8600కే చెయ్యి కదిలించు, చెయ్యి కదిలేలోపు మిగతాది అదే ఎక్కేస్తుంది అన్నాను. ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాడు. హలో లేదు ఏం లేదు, "ఒరేయ్ ఆరు వేల తర్వాత వేరే బండిరా ఇది" అన్నాడు.