చింతకాయా, అబద్ధమా?

దేవరకొండ
సంక్రాంతికి పది రోజుల ముందు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. పచ్చి చింతకాయలు ఉప్పు కారం అద్దుకొని తిన్నవు. అమ్మ అడిగితే తినలేదన్నవు. తెల్లారేసరికి నాలుక కొసకు ఎర్రటి పొక్కు లేసింది, పండ్లకు తగిలితే సూది గుచ్చినట్టు ఉన్నది. అబద్ధం ఆడితే అట్లనే అయితదని నీ పక్క బెంచీ పిల్ల చెప్పిందంట, నిజమేనా తాతా అని అడిగినవు. ఆ పిల్లను ఏమనకు. ఇంగ్లీషోళ్లు కూడ ఈ పొక్కులను 'లై బంప్స్' అంటరు, అంటే అబద్ధాల పొక్కులు. డాక్టర్లు మాత్రం 1996లో 'ట్రాన్సియెంట్ లింగ్వల్ పాపిలైటిస్' అని పేరు పెట్టిన్రు. పేరు పలకాలంటే నోరు తిరగదు గాని సంగతి చిన్నదే: నాలుక మీది బొడిపె వాస్తది, కొన్నాళ్లకు తనంతట తనే పోతది.

నీ నాలుకను ఒక పత్తిచేను అనుకో. మన దిక్కు పత్తి నడుమ నడుమ బంతిమొక్కలు పెడతరు, చూసినవు గద. నాలుక మీద కూడ అట్లనే. సన్నగ, తెల్లగ, చేను నిండ ఉండే బొడిపెలు పత్తి. వాటికి రుచి తెల్వదు. నాలుకకు గరుకుదనం ఇచ్చి అన్నం జారకుండ పట్టుడే వాటి పని. వాటి నడుమ ఎర్రగ, గుండ్రంగ కనబడేవి బంతులు. ఒక నాలుక మీద 200 నుంచి 400 దాక ఉంటయి, కొసకు, అంచులకు ఎక్కువ. పులుపు, తీపి పసిగట్టే రుచిమొగ్గలు వీటి మీద ఉంటయి. చేనుకు ఆ చివర, గొంతు దగ్గర, 8 నుంచి 12 పెద్ద దిబ్బలు ఉంటయి, ఒక్కొక్క దాని చుట్టు కందకం తవ్వినట్టు. అద్దంల వాటిని చూసి పుండ్లు లేసినయని జడుసుకునేటోళ్లు శానమంది. అవి పుట్టుకతో వచ్చినవే.

చేన్ల ఎడ్లు పడితే ముందు తొక్కుడుపడేది గట్టు పొంటి ఉన్న మొక్కలే. నాలుక గట్టు పొంటి ఉన్నవి బంతులు. వేడి చాయ, సకినం అంచు, విరిగిన పన్ను, ఉప్పు కారం అద్దిన చింతకాయ, తినేటప్పుడు పొరపాటున పడ్డ పంటిగాటు, ఇవన్నీ ఎడ్లే. తొక్కిన చోటికి నెత్తురు ఉరుకుతది, బొడిపె ఉబ్బుతది, ఎర్రగనో తెల్లగనో అయితది. నరాల కొసలు అక్కడ దగ్గర దగ్గర ఉంటయి గనుక ఆవగింజంత పొక్కు కూడ గుమ్మడికాయంత అనిపిస్తది. నిద్ర తక్కువైనా, మనసుల దిగులున్నా ఇవి రావచ్చంటరు. అబద్ధం ఆడి రాత్రంత దిగులుపడితే ఆ లెక్కన కొంచెం పాలు ఉందేమో! కాని నీ విషయంల నేను చింతకాయనే పట్టుకుంట. అమ్మకు నిజం చెప్పు. చెప్తేనే గద ఆమె రెండు రోజులు పచ్చిపులుసు పెట్టకుండ ఉంటది.

ఇక్కడ నా చేను పోలిక ఆగిపోతది. పత్తికి మందు కొడతరు, నాలుకకు కొట్టొద్దు. దానికి కావల్సింది ఎడ్లను తోలి ఊకుండుడు. సగం వైద్యం అదే.

ముందుగ నువ్వు మానాల్సింది ఒకటున్నది. పొక్కు లేసిన నాలుక ఊకుండదు. ఉన్నదా పోయిందా అని గంటకు వంద సార్లు దాన్ని పండ్లకు రాస్తది. రెండు రోజుల్ల తగ్గేది అయిదు రోజులు పట్టేది దీనివల్లనే. నాలుక పండ్ల మీదికి పోయినప్పుడల్ల ఒక గుటక సల్లటి నీళ్లు తాగు.

ఉప్పునీళ్లు ఇట్ల చెయ్యాలె. పావు లీటరు గోరువెచ్చని నీళ్లు, అంటే ఒక గ్లాసు. అందుల చాయ చెంచతో అర చెంచ ఉప్పు, పూర్తిగ కరగాలె. కొంచెం నోట్లకు తీసుకొని, నాలుక మునిగేటట్టు 30 సెకండ్లు ఉంచి ఉమ్ముయ్యి. తిన్నంక, పండుకునే ముందు, రోజుకు మూడు నాలుగు సార్లు. రెండు చెంచలేస్తే రెండింతల గుణం రాదు, రెండింతల మంట వస్తది, నోరు ఎండుకపోతది. తమ్మునికి ఇంక పుక్కిలించి ఉమ్ముడు రాదు గనుక వానికి ఇది వద్దు.

మంట ఎక్కువుంటే మంచుముక్క. ఫ్రిజ్‌ల నుంచి తీసింది తీసినట్టే పెడితే నాలుకకు అతుక్కుంటది, పొర లేస్తది. ముందు నీళ్లల్ల ముంచి, ఒక నిమిషం చప్పరించు. తిండికి పులవని సల్ల, పెరుగన్నం, సల్లారిన అంబలి, మెత్తటి గట్క. నిమ్మకాయ, అనాస, తొక్కు, మురుకులు, పొగలు గక్కే చాయ తగ్గేదాక బంద్. పండ్లు తోముడు మానొద్దు. మెత్తటి బ్రష్షు, నురగ, ఘాటు తక్కువున్న పేస్టు వాడాలె. మా చిన్నప్పుడు వేపపుల్లను రెండుగ చీల్చి నాలుక గీకుడు లేకుంటే మొఖం కడిగినట్టే కాదు. మంచి అలవాటే గాని, పొక్కున్నన్ని రోజులు పుల్ల గాని నాలుక బద్ద గాని దాని మీదికి పోవద్దు.

కొందరు పెద్దోళ్లు సున్నం పెట్టమంటరు, పటిక పొడి అద్దమంటరు, గోటితోని గిల్లి తీసెయ్యమంటరు. ఒక్కటి కూడ చెయ్యకు. సున్నం కాలుస్తది, గిల్లితే నెత్తురొచ్చి చీము పడుతది. నొప్పి ఓర్వలేకుంటే పారాసిటమాల్ సరిపోతది, అది కూడ నీ బరువు చూసి అమ్మ ఇయ్యాలె, డాక్టరును అడిగి. ఆస్పిరిన్ పిల్లలకు ఇయ్యొద్దు, పొక్కు మీద గోలీ పెట్టుడు అసలే వద్దు.

బోరు నీళ్లవల్లనా అని కూడ రాసినవు. మన నల్లగొండోళ్లకు ఏ రోగమొచ్చినా ముందు ఫ్లోరైడే యాదికొస్తది, తప్పు లేదు. కాని అది పట్టేది పండ్లకు, ఎముకలకు. ఫ్లోరైడుతోని గుంటలు పడి అంచు విరిగిన పన్ను మాత్రం నాలుకను రాస్తది. పొక్కు మళ్లమళ్ల ఒక్క చోటనే లేస్తే ఆ ఎదురుగున్న పన్నును వేలితోని తడిమి చూడు. గరుకు తగిల్తే పండ్ల డాక్టరు అయిదు నిమిషాల్ల అంచు నున్నగ చేస్తడు.

ఒకటి రెండు పొక్కులైతే రెండు మూడు రోజుల్ల పోతయి. కొస నిండ చాల లేసి, జరం వచ్చి, సొల్లు కారితే అది వేరే రకం. ఒక వారం ఉంటది, ఇంట్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటది. అందుకే తమ్మునికి నీ ఎంగిలి గ్లాసు ఇయ్యకు. చేతుల మీద, పాదాల మీద కూడ పొక్కులు లేస్తే, నాలుక మొత్తం ఎర్రగై గొంతునొప్పి, జరం వస్తే, జరం అయిదు రోజులు దాటితే, నీళ్లు మింగలేక ఒంటికి పోసుడు తగ్గితే ఆగొద్దు, దవాఖానకు పోవాలె. రెండు వారాలైనా మానని పుండు ఎవరికున్నా చూపియ్యాల్సిందే. గుట్కా నమిలే మీ మామకు ఈ ముక్క చదివి వినిపియ్యి, నేను రాసిన్నని చెప్పు.

పొక్కు తగ్గినంక ఒక పని చెయ్యి. మిఠాయిల్ల వేసే నీలం రంగు ఒక చుక్క దూదితోని నాలుక కొసకు అద్దు. ఎండల నిలబడి అద్దంల చూడు. పత్తి అంత నీలమైతది, బంతులు మాత్రం గులాబీ రంగుల మిగుల్తయి. నోటుబుక్కు కాయితానికి పంచింగు మిషన్‌తోని రంధ్రం చేసి, దాన్ని నాలుక మీద పెట్టి, లోపల ఎన్ని గులాబీ చుక్కలున్నయో లెక్కపెట్టు. నీకెన్ని, అమ్మకెన్ని, తమ్మునికెన్ని, అన్ని రాసి పంపు. నేను ఇక్కడ నాయి లెక్కపెట్టి ఉంచుత.

మీ తాత