స్పెషల్ టీచర్ పోస్టుల గొడవ: 2021 తీర్పు నుంచి యూడైస్ గడి దాకా

బడులు తెరిచే జూన్ వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మాట మళ్లీ లేస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు ఎవరికి దక్కాలి? ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రిసోర్స్ పర్సన్లకా, డీఎస్సీ రాసి ర్యాంకు తెచ్చుకున్న కొత్తవాళ్లకా? చర్చంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. పిల్లల తల్లిదండ్రులు ఏమంటున్నారో మాత్రం ఎవరూ అడగడం లేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరేచోట మొదలవుతుంది.

1995 నాటి వికలాంగుల చట్టం, విద్యాహక్కు చట్టం, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గురించి ఇప్పటికే చాలా వచ్చింది. వాటిలోకి మళ్లీ వెళ్లను. ఒక్క సంగతి చాలు. ఈ చట్టాల వల్ల పిల్లలకు బడిలో సీటు వచ్చింది. 2016 చట్టమైతే ఆ సీటుతో పాటు పిల్లవాడికి తగిన సాయం కూడా అందించాలంది. కానీ ఆ సాయం చేసే టీచర్ ఎంతమంది పిల్లలకు ఒకరుండాలో 2021 దాకా ఈ చట్టాల్లో ఎక్కడా అంకె లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రాథమిక బడికి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలని స్పష్టంగా ఉంది. స్పెషల్ టీచర్ దగ్గరికి వచ్చేసరికి ఆ షెడ్యూలు అప్పట్లో ఏమీ చెప్పలేదు. అంకె లేకపోతే పోస్టు లేదు. పోస్టు లేకపోతే అడిగే వీలూ లేదు.

ఆ అంకె 2021 అక్టోబర్ 28న వచ్చే దారి తెరుచుకుంది. నా దృష్టిలో ఇవాళ్టి గొడవంతా ఆ రోజు దగ్గరే ఉంది.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన స్పెషల్ టీచర్లు వేసిన కేసులో జస్టిస్ ఎ.ఎం. ఖాన్విల్కర్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ రోజు తీర్పు చెప్పింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల నిష్పత్తిని కేంద్రం వెంటనే ప్రకటించాలంది. ఆలోపు ఢిల్లీ దివ్యాంగుల కమిషనర్ సిఫారసు చేసిన లెక్కను పాటించమంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎనిమిది మందికి ఒక టీచర్. బుద్ధిమాంద్యం, ఆటిజం, చదవడంలో రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్నవాళ్లయితే ఐదుగురికి ఒకరు. చూపు, వినికిడి రెండూ లేని పిల్లలయితే ఇద్దరికి ఒకరు. ఈ లెక్క ప్రకారం రాష్ట్రాలు శాశ్వత పోస్టులు సృష్టించి, ఆరు నెలల్లో, లేదా 2022-23 విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు నియామకాలు ముగించాలని గడువు కూడా పెట్టింది.

శాశ్వత పోస్టులు అన్న ఆ మాట ఎందుకంత పెద్దదో తెలియాలంటే అంతకుముందు పరిస్థితి చూడాలి. సర్వశిక్షా అభియాన్ రోజుల నుంచీ, 2018లో అది సమగ్ర శిక్షలో కలిశాక కూడా, ఈ పిల్లల చదువు బడి బాధ్యతగా కాకుండా ఒక పథకంలో పద్దుగా నడిచింది. ఏటా రాష్ట్రం ప్రణాళిక తయారు చేసి ఢిల్లీకి పంపుతుంది. ఆమోదం వచ్చాక కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. అందులో సమ్మిళిత విద్య అనే పద్దు కింద ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 3,500 రూపాయల వరకు ఉంటుంది. వినికిడి యంత్రం, బ్రెయిలీ పుస్తకం, బడికి తీసుకొచ్చే తోడుకు ఇచ్చే భత్యం ఇలాంటివన్నీ అందులోంచే. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు ఉపకార వేతనం. రిసోర్స్ పర్సన్ జీతం కూడా ఇదే పద్దులోంచి వస్తుంది. అంటే వీల్‌చైర్ ఎలా ఏటేటా మంజూరు కావాలో, దాన్ని తోయడం నేర్పే టీచర్ కూడా అలాగే ఏటేటా మంజూరు కావాలి.

ఈ రిసోర్స్ పర్సన్లు మండలానికి ఒకరో ఇద్దరో. తెలంగాణలో ఐఈఆర్‌పీ అంటారు, ఆంధ్రాలో చాలాచోట్ల ఐఈఆర్‌టీ అంటారు. తల్లులకు మాత్రం రెండుచోట్లా ‘భవిత మేడం’, ‘భవిత సార్’. మండల కేంద్రంలో ఒక గది, అందులో ఒక చాప, రంగు దిమ్మెలు, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున కట్టుకునే కాలిపర్లు. అక్కడికి రాలేని పిల్లల ఇళ్లకు వీళ్లే వెళ్లాలి. బడుల్లో సర్వే చేయాలి, వైద్య శిబిరాలకు పిల్లల్ని తీసుకెళ్లాలి, పేర్లు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. మధ్యలో ఎన్నికల డ్యూటీ వస్తే అదీ చేయాలి. వీళ్ల పని చూసినవాళ్లెవరూ వీళ్లను తేలిగ్గా మాట్లాడలేరు.

మా అక్క కొడుక్కి ఆటిజం. ఊరి బడిలో పేరుంది. వాడికి అక్షరాలు నేర్పింది మాత్రం పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని భవిత మేడమే. వారానికి రెండు రోజులు అక్క వాణ్ణి బస్సులో తీసుకెళ్లేది. మిగతా రోజులు వాడు ఊరి బడిలో వెనక బెంచీలో కూర్చునేవాడు. ‘వాడు మా పిల్లాడు కాదమ్మా, భవిత పిల్లాడు’ అని అక్కడి టీచర్ ఒకసారి మామూలుగానే, కోపం లేకుండానే అన్నారట. అక్క ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ టీచర్ చెడ్డ మనిషి కాదు. ఇన్నేళ్లూ వ్యవస్థ ఆయనకు నేర్పింది అదే.

2021 తీర్పు ఈ పద్ధతిని మార్చాలి. మార్చలేకపోయింది. అందుకు కారణం తీర్పులోనే ఉన్న మరో వెసులుబాటు. సరిపడా టీచర్లు దొరికేదాకా, ఉన్నవాళ్లను ఒక సముదాయంలోని బడుల మధ్య తిప్పుతూ వాడుకోవచ్చని కోర్టు తాత్కాలికంగా అనుమతించింది. సంచార టీచరన్న మాట. మామూలు టీచర్లందరికీ ఈ పిల్లలకు చదువు చెప్పడంలో శిక్షణ తప్పనిసరి అని కూడా అంది. రాష్ట్రాలు మొదటిదాన్ని గట్టిగా పట్టుకున్నాయి, రెండోదాన్ని కొన్ని రోజుల వర్క్‌షాపులతో సరిపెట్టాయి. తాత్కాలికం అన్నదే పద్ధతైపోయింది.

2022లో కేంద్రం తన అంకె ప్రకటించింది. ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒక స్పెషల్ టీచర్, ఆ పైన పదిహేను మందికి ఒకరు. కోర్టు తాత్కాలికంగా పెట్టిన ఐదుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి కంటే ఇది పలచన. ఈ తేడా మీద పెద్దగా చర్చే జరగలేదు. మాట రాని ఆటిజం పిల్లలు పదిమందిని ఒక గదిలో ఒక్క టీచర్ చూడగలరా అని ఆ గదిలో ఒక పూట కూర్చున్న ఎవర్నైనా అడగండి.

గడువు 2022 జూన్ దగ్గర ముగిసింది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన డీఎస్సీ ప్రకటనలో మొత్తం 11,062 పోస్టులుంటే, వాటిలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ (ప్రాథమిక స్థాయి టీచర్) పోస్టులు కేటాయించారు. కనీసం మొదలైంది. ఈలోగా చాలా రాష్ట్రాలు ఏమీ చేయకపోవడంతో విషయం మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లింది. 2025 మార్చి 7న జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ కె. వినోద్ చంద్రన్ ధర్మాసనం మూడు వారాల గడువిచ్చింది. మార్చి 28లోగా ఎన్ని పోస్టులు కావాలో ప్రతి రాష్ట్రమూ ప్రకటించాలంది. ఆ వెంటనే ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్‌జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్.

ఇవాళ్టి తగాదాకు విత్తనం కూడా మార్చి 7 నాటి ఆ సుప్రీంకోర్టు ఉత్తర్వులోనే ఉంది. కొన్ని రాష్ట్రాల్లో స్పెషల్ టీచర్లు ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నారని కోర్టు గుర్తించింది. దివ్యాంగుల కమిషనర్, విద్యాశాఖ కార్యదర్శి, స్పెషల్ టీచర్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ప్రతినిధి ముగ్గురితో కమిటీ వేసి, అర్హత ఉన్నవాళ్లను పరిశీలించి, రెగ్యులర్ టీచర్ స్థాయి జీతంలోకి తీసుకోమంది.

కొత్త అభ్యర్థుల వాదన చిన్నది, అందులో న్యాయముంది. స్పెషల్ బీఈడీ చదివి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, టెట్ రాసి కూర్చున్నవాళ్లు. పోస్టు పోటీ పరీక్షతోనే నింపాలంటారు. రిసోర్స్ పర్సన్ల మాట ఇంకోటి. వాళ్లు చేరినప్పుడు ఈ పోస్టే లేదు. లేని పోస్టుకు పరీక్ష ఎలా రాస్తారు? వయసు దాటిపోయింది ప్రభుత్వం ఆలస్యం వల్ల. నాకైతే రెండో మాటే బలంగా కనిపిస్తుంది. అనుభవానికి వెయిటేజీ ఇచ్చి, కమిటీ పరిశీలనలో నిలిచినవాళ్లను ముందు తీసుకుని, మిగిలినవి పరీక్షతో నింపితే ఇద్దరికీ చోటుంటుంది. ఎందుకంటే పోస్టులు నిజానికి చాలవు.

చాలవని ఎలా తెలుసు? తల్లిదండ్రుల వాదన ఇక్కడే మొదలవుతుంది. పోస్టు పిల్లల లెక్కను బట్టి వస్తుంది. లెక్క యూడైస్‌లోంచి, అంటే బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులోంచి వస్తుంది. యూడైస్‌లో ప్రత్యేక అవసరాల గడి నింపేది హెచ్‌ఎం. చాలాచోట్ల వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చూపిస్తేనే నింపుతారు. సర్టిఫికెట్‌కు స్లాట్ దొరకాలి. స్లాట్ దొరికినా, ఆ రోజున జిల్లా ఆసుపత్రిలో ఆ నిపుణుడు ఉండాలి. కంటికి కనిపించే వైకల్యమైతే ఒక ఎత్తు. అక్షరాలు తారుమారయ్యే పిల్లాడి సంగతేమిటి? ఈ ఇబ్బందికి పరీక్ష మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్లకు అని 2018లో కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అప్పటిదాకా వాడు ‘మొద్దు’, ‘అల్లరి’. ప్రాథమిక బడిలో సగం రోజులు లెక్కలోకి రాకుండానే గడిచిపోతాయి. గుర్తించని పిల్లలు లెక్కలోకి రారు, రాకపోతే పోస్టు రాదు, పోస్టు లేకపోతే గుర్తుపట్టే టీచరే ఉండరు.

2016 చట్టం 17వ సెక్షన్లో మందు ఉంది. బడి పిల్లల్లో వైకల్యాన్ని గుర్తించడానికి ఐదేళ్లకోసారి సర్వే చేయాలి, మొదటిది చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలో. చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. పోస్టులు ఎవరికన్న దాని మీద జరిగినంత వాదన, ఈ సర్వే సంగతేమిటన్న దాని మీద ఒక్కరోజైనా జరిగి ఉంటే బాగుండేది.

అధికారుల జవాబు ఒక్కటే. ఉన్న లెక్కకు తగ్గ పోస్టులిచ్చాం, అంటారు. ఉన్న లెక్క మీద అది నిజమే.

మొన్న అక్క బడికెళ్లి హెచ్‌ఎం సార్‌ని ఒకటే అడిగింది. ‘సార్, యూడైస్‌లో మావాడి గడి నింపారా?’ ఆయన కంప్యూటర్ తెరిచి చూశారు. పేరుంది, ఆధార్ ఉంది, ఆ గడిలో ‘లేదు’ అని ఉంది. సదరం కాగితం మూడేళ్ల కిందటే అక్క జిరాక్స్ తీసి ఇచ్చింది. ఆయన బీరువాలో ఫైలు వెతికి తీసి, నొచ్చుకుని, అక్క ముందే మార్చారు. ఆ బడిలో ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది ఉన్నారని అక్క అడిగితే, ‘ముగ్గురో నలుగురో ఉంటారమ్మా, కాగితాల్లేవు’ అన్నారు.