అమాస పోటు, దశమి టెంటు

"సార్, మైపాడులో టెంట్ వేస్తే నీళ్లు ఎంతదాకా వస్తాయి?"

మా వీధి కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. బెంగళూరులో ఉద్యోగం, ఒకప్పుడు నా దగ్గర ఫిజిక్స్ చదివినవాడు. గండికోటలో మూడుసార్లు టెంట్‌లో పడుకున్నాడు. ఈసారి అదే పెన్నా సముద్రంలో కలిసే వైపు, నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డుకు పోవాలని బుద్ధి పుట్టింది. నంది కొండల్లో పుట్టి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని కోసుకుని, మా ప్రొద్దుటూరు పక్కగా పోయి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది పెన్నా. ఏడాదిలో ఎక్కువ నెలలు మాకు కనిపించేది ఇసుకే అనుకోండి.

గండికోటలో లోయ అంచు సాయంత్రం ఎక్కడుందో పొద్దునా అక్కడే ఉంటుంది. సముద్రం అంచు అట్ల కాదు. అందుకే ప్రశ్న మంచిదే. వాడు వెన్నెల కోసమని పౌర్ణమికి సెలవు పెట్టుకున్నాడు. వాళ్ల అవ్వ, "అమాసకు తప్ప ఎప్పుడన్నా పోండి నాయనా" అంది. ఇద్దరూ పంచాంగం చూసే మాట్లాడుతున్నారు. చిక్కేమంటే, ఈ విషయంలో సముద్రానికి అమావాస్యా పౌర్ణమీ ఒక్కటే.

ఏ టెంట్ కొనాలి, ఏ స్టవ్ తీసుకుపోవాలి అన్నవి నాకు ఆసక్తి లేని సంగతులు, వాటికి బోలెడు వీడియోలున్నాయి. ఒక్కటి మాత్రం చెప్తాను. పొడి ఇసుకలో మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి, దాన్ని మోకాలి లోతున పాతి, దానికి తాడు కట్టుకోవాలి. ఇక పోటు దగ్గరికి వద్దాం.

ముప్పై ఏళ్ల కింద నేనూ, నలుగురు స్నేహితులూ ఒక పౌర్ణమి సాయంత్రం నాలుగింటికి సముద్రం ఒడ్డుకు చేరాం. అప్పుడు టెంట్లు ఎక్కడివి, ఒక టార్పాలిన్. తడి ఇసుక ఎక్కడ ఆగిందో చూశాం, దానికి ఇంకో పదడుగులు పైకి పరుచుకున్నాం. లెక్క వేసి మరీ వేశామన్న ధీమా. గంటసేపు చూసినా నీళ్లు పెద్దగా కదల్లేదు. రాత్రి అన్నాలు తింటుంటే కూరగిన్నె కిందికి నీళ్లొచ్చాయి. రెండు జతల చెప్పులు పోయాయి. ఆ ఐదుగురిలో ఫిజిక్స్ చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నింద ఎవరి మీద పడిందో చెప్పక్కర్లేదు.

చంద్రుడు నీళ్లను లాగుతాడు, అందుకే పోటు అని అందరూ చెప్తారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ కూడా ఉంటుంది: భూమి చుట్టూ నీళ్లు, చంద్రుడి వైపు ఒక ఉబ్బు, దానికి సరిగ్గా అవతలి వైపు ఇంకో ఉబ్బు. ప్రతి ఏడూ క్లాసులో ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "అటుపక్క ఎందుకు సార్ ఉబ్బుతుంది? అక్కడ చంద్రుడు లేడు కదా?" అని. మొదటి నాలుగైదేళ్లు నేను చెప్పిన జవాబు: "పరీక్షలో రెండు ఉబ్బులు గీయండి, చాలు." అది చదువు చెప్పడం కాదని తర్వాత తెలిసింది. ఆ రెండో ఉబ్బు అర్థమైతేనే అమావాస్యా పౌర్ణమీ ఎందుకు ఒక్కటో అర్థమవుతుంది.

మూడు ఎద్దులబండ్లను ఊహించుకోండి. ఒకే బాటన, ఒకదాని వెనక ఒకటి జమ్మలమడుగు వైపు పోతున్నాయి. ముందు బండి ఎద్దులు కాస్త జోరు, నడిమి బండివి ఓ మాదిరి, వెనక బండివి కాస్త నెమ్మది. నడిమి బండిలో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుంది? ముందు బండి దూరమవుతుంది. వెనక బండీ దూరమవుతుంది. వెనక బండిని ఎవరూ వెనక్కి లాగడం లేదు, అదీ జమ్మలమడుగుకే పోతోంది. కాకపోతే వెనకబడుతోంది.

ఇప్పుడు జమ్మలమడుగు స్థానంలో చంద్రుణ్ని పెట్టండి. ముందు బండి చంద్రుడి వైపున్న నీళ్లు, నడిమి బండి భూమి, వెనక బండి అవతలి వైపు నీళ్లు. మూడూ చంద్రుడి వైపే పడుతున్నాయి. దగ్గరున్న నీటి మీద లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్న నీటి మీద తక్కువ. భూమి మీద నిలబడ్డ మనకు రెండు వైపులా నీళ్లు మన నుంచి దూరం జరిగినట్టు, అంటే రెండు వైపులా ఉబ్బినట్టు ఉంటుంది. (బండ్లు జమ్మలమడుగు ఎప్పటికీ చేరవు, పక్కకు తిరుగుతూనే పోతాయి. అది వేరే పాఠం.) భూమి తిరుగుతూ ఈ రెండు ఉబ్బుల కిందుగానూ పోతుంది కాబట్టి మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు.

బండ్లను ఇంకాస్త దూరం తోలదాం. మనకు కావలసింది బండ్ల వేగం కాదు, వేగాల్లో తేడా. సూర్యుడు భూమిని లాగే బలం చంద్రుడు లాగే దానికి దాదాపు 180 రెట్లు. అంటే సూర్యుడి వైపు పోయే బండ్లకు పందెపు ఎడ్లు కట్టినట్టే. కానీ సూర్యుడు చంద్రుడికంటే 390 రెట్లు దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి చూస్తే భూమికి ఇటుపక్కా అటుపక్కా ఒక్కటే, మూడు బండ్లూ దాదాపు ఒకే జోరున పోతాయి. తేడా బలాన్ని లెక్క కట్టాలంటే లాగే బలాన్ని దూరంతో భాగించాలి. 180ని 390తో భాగిస్తే 0.46. సముద్రాన్ని ఉబ్బించడంలో సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగం కన్నా తక్కువ. లాగే బలం దూరం వర్గాన్ని బట్టి తగ్గితే, తేడా బలం దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది, రహస్యమంతా అక్కడుంది. చంద్రుడే ఒక్కోసారి 3 లక్షల 56 వేల కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు, ఒక్కోసారి 4 లక్షల 6 వేల దూరం పోతాడు. ఈ కాస్త తేడాకే ఉబ్బించే బలం దాదాపు ఒకటిన్నర రెట్లు మారుతుంది.

ఇక పంచాంగం. అమావాస్య నాడు సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు. పౌర్ణమి నాడు ఎదురెదురు. ఉబ్బు ఒక్కటే ఉండి ఉంటే పౌర్ణమి నాడు ఇద్దరూ ఒకరి పని ఒకరు చెడగొట్టుకునేవాళ్లు. ఉబ్బులు రెండు కాబట్టి రెండు రోజుల్లోనూ చంద్రుడి ఉబ్బు మీదే సూర్యుడి ఉబ్బు పడుతుంది. 1, 0.46 కలిపితే 1.46. అష్టమి నాడు ఇద్దరూ లంబకోణంలో ఉంటారు, చంద్రుడు ఉబ్బించిన చోటే సూర్యుడు అణచుతాడు. 0.54. పెద్ద పోటు చిన్న పోటుకు 2.7 రెట్లు. నీళ్లకు బద్ధకం ఉంది కాబట్టి ఈ ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. పెద్ద పోట్లు పాడ్యమి, విదియ ప్రాంతంలో వస్తే, చిన్న పోట్లు నవమి, దశమి ప్రాంతంలో వస్తాయి.

ఇక్కడికి వచ్చేసరికి కుర్రాడు అడగనే అడిగాడు. "మన ఒంట్లో కూడా నీళ్లే కదా సార్, మరి అమాసకు మనకూ..." ఈ వాదన నేను వినని చోటు లేదు. మీ తలా మీ పాదాలూ ఒకే బండిలో ఉన్నాయి. భూమి అంత పొడవున లాగితేనే తేడా బలం మన బరువులో కోటో వంతు ఉంటుంది. మనిషి పొడవుకు అదెంతో మీరే భాగించుకోండి. మనిషి దాకా ఎందుకు, పోరుమామిళ్ల చెరువును చూడండి. చెరువు ఎట్ల కట్టాలో, ఏ దోషాలు ఉండకూడదో చెప్పే 1369 నాటి శాసనం ఉన్న చెరువు. పొడవు పది కిలోమీటర్లు అనుకుందాం. చంద్రుడు ఎంత లాగినా ఈ కొసకూ ఆ కొసకూ నీటి మట్టంలో తేడా ఒక మిల్లీమీటరు కూడా రాదు. అమాస నాడు మన చెరువులే కదలవు, మన మెదడు కదులుతుందా?

పంచాంగం మీద నాకు కోపం లేదు. అది జాతకాలకు పనికొస్తుందని నేననను, పోటు లెక్కకు మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. రోజుకు 60 ఘడియలు, చంద్రుడి చుట్టుకు 30 తిథులు. అంటే తిథికి రెండు ఘడియలు. ఘడియకు 24 నిమిషాలు కాబట్టి రోజురోజుకూ పోటు 48 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. గడియారం పెట్టి కొలిచినవాళ్లు చెప్పేదీ సుమారు 50 నిమిషాలే. ఒడ్డున ఏ జాలరినైనా "ఇక్కడ పున్నమి పోటు ఎన్నింటికి?" అని అడగండి. బహుళ పంచమి నాటికి ఐదు తిథులు, పది ఘడియలు, నాలుగు గంటలు కలుపుకోండి. మీ టెంట్ దగ్గర ఆ రాత్రి పోటు ఎప్పుడో దాదాపుగా వచ్చేసింది.

పోటు సమానంగా ఎక్కదు. మా టార్పాలిన్ మోసపోయింది ఇక్కడే. ఆటు నుంచి పోటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మొత్తం ఎక్కేది 12 వంతులనుకుంటే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో, నాలుగో గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి. మన తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు మీటరు నుంచి మీటరున్నర. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఇదే పది మీటర్లు దాటుతుంది. లెక్కకు వీలుగా మనకు 120 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి గంటలో నీళ్లు 10 సెంటీమీటర్లే లేస్తాయి. ఇసుక వాలు ముప్పై అడుగులకు ఒక అడుగు అయితే నీటి అంచు మూడు మీటర్లు ముందుకొస్తుంది. ఒడ్డున కూర్చున్నవాడు సముద్రం నిద్రపోతోంది అనుకుంటాడు. మూడో గంటలో తొమ్మిది మీటర్లు, నాలుగో గంటలో ఇంకో తొమ్మిది. ఆరు గంటలకు 36 మీటర్లు. అలలు ఎగదన్నేది దీని మీద అదనం. మేము వేసుకున్న పదడుగులు మూడు మీటర్లు, సరిగ్గా మొదటి గంట లెక్క.

అయితే మనం నీటికి ఎంత ఎత్తున ఉన్నామో కొలిచేదెట్లా? దీనికి నాకు ఎంతో ఇష్టమైన చిట్కా ఒకటుంది. ఆటు వేళ టెంట్ వేయాలనుకున్న చోట బోర్లా పడుకుని గడ్డం ఇసుకకు ఆనించండి. ఒక స్నేహితుణ్ని పోయి నీటి అంచున నిలబడమనండి. సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. ఆ గీత అతని నడుము దగ్గర కోస్తే మీరు నీటికి నడుమంత ఎత్తున ఉన్నట్టు. తల సరిగ్గా గీతను తాకితే అతని నిలువంత ఎత్తు. తల ఆకాశంలోకి పొడుచుకుని కనిపిస్తే అక్కడ టెంట్ వద్దు, ఇంకా పైకి నడవండి. తల వెనక కూడా సముద్రమే కనిపించాలి. పైసా ఖర్చు లేని సర్వే ఇది.

పైకి అన్నాను కదా అని ఇసుక దిబ్బ దాటి వెనక పల్లంలో వేస్తే మళ్లీ కష్టమే. అలలు గట్టు మీదుగా దూకిన నీళ్లు అక్కడే చేరతాయి. ఏటి మొగ దగ్గరైతే పోటు నీళ్లు వాగులోంచి వెనక వైపుకు వస్తాయి, ముందు చూసుకుంటూ కూర్చున్నవాడికి తెలియను కూడా తెలియదు. నాచు, గవ్వలు, కొబ్బరి పీచు, చెప్పులు (మావి కూడా ఎక్కడో ఉండే ఉంటాయి) వరసగా పడి ఉన్న గీతలు ఒడ్డున రెండు మూడు కనిపిస్తాయి. అన్నిటికంటే పైనున్న గీతే లెక్క. దాని పైన మేక గిట్టల్లాంటి ఆకులతో, వంగపువ్వు రంగు పూలతో ఇసుక మీద పాకే తీగ ఉంటుంది. అది మొదలైన చోట సముద్రం మామూలుగా రాదు. ఆ తీగ దాటి సరుగుడు తోపు వైపు పోతే ఇంకా మంచిది.

మనకంటే బాగా చోటు ఎంచేది ఆలివ్ రిడ్లే తాబేలు. చలికాలం పోయే రోజుల్లో రాత్రిపూట మన తీరానికి వచ్చి గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు. అంటే అమావాస్యలూ పౌర్ణములూ కలిపి మూడు నాలుగు పెద్ద పోట్లు దాటాలి. ఆ గుడ్లకు ఒక్క రాత్రి బస కాదు, రెండు నెలల బస. తాబేలు లెక్క కూడా కొన్నిసార్లు తప్పుతుంది, గూళ్లు మునుగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా మీరు పోతే ఆ పై ఇసుకలో లైట్లు వేసి తిరక్కండి.

ఒక్క హెచ్చరిక. ఈ తిథి లెక్కంతా ప్రశాంతమైన సముద్రానికే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది పౌర్ణమికి ఇంకా ఆరు రోజులుండగా, అంటే చంద్రసూర్యుల పోటు బాగా చిన్నగా ఉండే రోజుల్లో. నీటిని ఒడ్డు మీదికి తోసింది తుఫాను గాలి. 2004 డిసెంబరు 26 సునామీ పౌర్ణమి నాడు వచ్చిందని ఇప్పటికీ కథలు చెప్తారు. 2011 మార్చి 11న జపాన్‌కు సునామీ వచ్చిన రోజు ఆకాశంలో సగం చంద్రుడు కూడా లేడు. కాబట్టి పంచాంగంతో పాటు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే అలల హెచ్చరికలు కూడా చూసుకోమన్నాను.

కుర్రాడు సెలవు మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. శుద్ధ దశమి పెట్టుకోమన్నాను. పోటు చిన్నది, రాత్రి ఒంటిగంట దాటేదాకా వెన్నెల ఉంటుంది. వాళ్ల అవ్వ కూడా, "దశమి మంచిది, పనులవుతాయి" అంది. ముగ్గురం ముగ్గురి కారణాలతో ఒకే తిథి మీదికొచ్చాం అనుకుంటుండగా వాడు ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆ దశమి మంగళవారం వచ్చిందని.

"మంగళవారం ప్రయాణమా?" అంది అవ్వ.