టోకిటే ఈదిన 20 అడుగుల లోతు

1970 ఆగస్టు 8న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, విడ్బీ దీవిని ఆనుకుని ఉన్న పెన్ కోవ్ అనే చిన్న అఖాతంలోకి ఓర్కాల (కిల్లర్ వేల్ అని పిలిచే సముద్ర జీవుల) గుంపును పడవలతో, పేలుళ్లతో బెదరగొట్టి తోలారు. వలలు అడ్డం పెట్టి పిల్లలను తల్లుల నుంచి విడదీసి, వాటిలో ఏడింటిని ప్రదర్శనశాలలకు అమ్మారు. వలల్లో చిక్కుకుని చనిపోయిన పిల్లల సంగతి బయటికి పొక్కకుండా, వాటి కడుపులు చీల్చి రాళ్లు నింపి నీటిలో ముంచేశారు. అమ్ముడుపోయిన వాటిలో సుమారు నాలుగేళ్ల ఆడపిల్ల టోకిటే ఒకటి. మయామీలో లోలిటా అనే పేరుతో ఆటలు ఆడుతూ 2023 ఆగస్టు 18 వరకు అది బతికింది.

దానిని ఉంచిన తొట్టి లోతు 20 అడుగులు. దాని ఒంటి పొడవూ దాదాపు అంతే. సముద్రంలోని ఓర్కా ఒక్క రోజులో 100 కిలోమీటర్లకు పైగా ఈదగలదు. అయినా చర్చను తొట్టి కొలతల దగ్గరే ఆపేస్తే, ఇంకాస్త పెద్ద తొట్టి కడితే సరిపోతుందన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది. కిల్లర్ వేల్ అన్న పేరులో తిమింగలం ఉన్నా నిజానికి డాల్ఫిన్ల కుటుంబంలోకెల్లా పెద్దదైన ఈ జీవికి అసలు లోకం తల్లి చుట్టూ అల్లుకున్న గుంపు. టోకిటే పుట్టిన సమూహంలో కొడుకులు, కూతుళ్లు జీవితాంతం తల్లి వెంటే ఉంటారు; ఒక్కో గుంపుకూ తనదైన పిలుపుల యాస ఉంటుంది; కాన్పులు ఆగిపోయాక కూడా దశాబ్దాలు బతికే అమ్మమ్మలు సాల్మన్ చేపలు దొరికే చోటికి గుంపును నడిపిస్తారు. నాలుగేళ్లకే పట్టుబడిన పిల్లకు ఆ చదువు అక్కడితో ఆగిపోయింది. అదే జాతికి, అదే సముద్రానికి చెందిన దాని ఏకైక తోడు హ్యూగో పదేపదే తలను గోడకేసి కొట్టుకునేది. 1980లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయింది. ఆ తర్వాత టోకిటే మరో ఓర్కాను చూడలేదు.

ప్రదర్శనశాలల వల్లే జనానికి ఓర్కాలంటే భయం పోయిందనే మాటలో కొంత నిజం లేకపోలేదు. అంతకుముందు జాలర్లు వాటిని తుపాకులతో కాల్చేవారు. కానీ వాటి కుటుంబ వ్యవస్థ గురించి మనకు తెలిసింది తొట్ల వల్ల కాదు. 1970లలో కెనడా జీవశాస్త్రవేత్త మైకేల్ బిగ్, స్వేచ్ఛగా తిరిగే ఓర్కాల వీపు రెక్కలను ఫొటోలు తీసి ఒక్కొక్క దానినీ గుర్తుపట్టే పద్ధతిని రూపొందించడం వల్ల తెలిసింది.

అలాగని గేటు తీసి వదిలేస్తే సరిపోదు. ఐస్‌లాండ్ సముద్రంలో 1979లో పట్టుబడిన కీకో అనే ఓర్కాను 1998లో అక్కడికే చేర్చి, ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చారు. అది 2002లో నార్వే దాకా ఈదింది గానీ ఏ ఓర్కా గుంపులోనూ ఇమడలేక, మనుషులను వెతుక్కుంటూ వెళ్లి, 2003లో చనిపోయింది. తొట్లలోనే పుట్టిన వాటికైతే తిరిగి వెళ్లడానికి గుంపు కూడా లేదు. అందుకే అమెరికాలో సముద్ర జీవుల ప్రదర్శనశాలలు నడిపే సీవరల్డ్ సంస్థ 2016లో ఓర్కాల సంతానోత్పత్తిని ఆపడం, కెనడా 2019లో చట్టంతో నిషేధించడం ఆలస్యమైనా అవసరమైన పనులని నా అభిప్రాయం. ఇప్పటికే బందీలుగా ఉన్నవాటికి, మనుషుల సంరక్షణ కొనసాగేలా వలకట్టిన సముద్రపు అఖాతాలే కాస్త న్యాయమైన దారి.

టోకిటేకూ అలాంటి ఏర్పాటు చేస్తామని 2023 మార్చిలో ప్రకటించారు. ఐదు నెలలకే అది చనిపోయింది. సెప్టెంబరులో ఆ తీరానికి చెందిన లమ్మీ ఆదివాసులు దాని చితాభస్మాన్ని పుట్టిన సముద్రంలోనే కలిపారు. దాని తల్లి కావచ్చని అప్పట్లో భావించిన వృద్ధ ఓర్కా అప్పటికి ఇంకా ఆ నీళ్లలోనే తిరుగుతూ ఉంది.