ఒబెరాన్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ తగవు: మూలం 2013లోనే ఉంది

ఒబెరాన్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ తగిలించుకునే వీలు కల్పించాలా, వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. పాస్కల్ ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన నిక్లావుస్ విర్త్, జూరిక్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యుర్గ్ గుట్‌క్నెక్ట్‌తో కలిసి 1980లలో ఒబెరాన్ భాషనూ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ రూపొందించిన సంగతి తెలిసిందే. నేటి తగవుకు మూలం మాత్రం అక్కడ కాదు, 2013లో ఉంది.

మొదట ఒబెరాన్ నడిచిన సెరెస్ వర్క్‌స్టేషన్‌లో నేషనల్ సెమీకండక్టర్ వారి ఎన్‌ఎస్32032 ప్రాసెసర్ ఉండేది. ఆ చిప్పుల వరుస మార్కెట్లో నిలవలేదు. ఒక మనిషి ఆసాంతం చదివి అర్థం చేసుకోగలిగేలా 1992లో పుస్తకంగా వెలువరించిన వ్యవస్థకు, రెండు దశాబ్దాలు తిరిగేసరికి నడవడానికి యంత్రమే కరవైంది. 2013 కూర్పు కోసం పుస్తకాన్ని సవరించ పూనుకున్న విర్త్, బజారులో దొరికే ప్రాసెసర్లు పాఠంలో వివరించలేనంత సంక్లిష్టమైనవని వాటిని పక్కన పెట్టి, ఎనభైకి చేరువైన వయసులో 16 రిజిస్టర్ల 32 బిట్ల ప్రాసెసర్‌ను తానే రూపొందించి, కోరిన సర్క్యూట్‌గా మలచుకోగల ఎఫ్‌పీజీఏ చిప్పు ఉన్న స్పార్టన్-3 బోర్డుపై నిలబెట్టారు. బోర్డులో మెమరీ ఒక్క మెగాబైటు; 1024×768 చుక్కల నలుపు తెలుపు తెరకు 96 కిలోబైట్లు పోగా మిగిలినదే తక్కిన పనులన్నిటికీ.

ప్రాసెసర్ విషయంలో ఒబెరాన్ ఆనాడు మార్కెట్ చేతిలోంచి బయటపడింది. కీబోర్డు, మౌస్, తెర మాత్రం ఆ చేతిలోనే ఉండిపోయాయి.

కీబోర్డు, మౌస్ తగిలించడానికి విర్త్ ఎంచుకున్నది 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 పద్ధతి. మీట నొక్కగానే కీబోర్డు ఒక తీగపై గడియార స్పందనలు, మరో తీగపై పదకొండేసి బిట్లు పంపుతుంది: ఆరంభానికి ఒకటి, సమాచారానికి ఎనిమిది, తప్పొప్పుల తనిఖీకి ఒకటి, ముగింపుకు ఒకటి. వాటిని అందుకునే సర్క్యూట్ వర్ణన ఒక పుటలో ఇమిడిపోతుంది. 1996లో వచ్చిన యూఎస్‌బీలో పరికరం తనంత తాను మాట్లాడదు. కంప్యూటరే దాన్ని రీసెట్ చేసి, వివరాలు అడిగి, చిరునామా కేటాయించి, ఆపై క్షణక్షణమూ పలకరిస్తుండాలి. ఒక్క మీట కోసం ఇంత తతంగం చేర్చితే, చదివి అర్థం చేసుకోగల వ్యవస్థ అన్న మాటకే అర్థం ఉండదని మినిమలిస్టులు, అంటే వ్యవస్థ వీలైనంత చిన్నదిగా ఉండాలనేవారు, అంటున్నారు. ఈ అభ్యంతరాన్ని కేవలం పాతకాలపు పట్టుదలగా కొట్టిపారేయడం అన్యాయం.

మౌస్ దొరకనప్పుడు సూత్రం ఎవరికి పనికొస్తుందన్నది అవతలి పక్షం ప్రశ్న. ఒబెరాన్‌లో తెరపై ఉన్న పదాన్ని మౌస్ మధ్య మీటతో నొక్కితే అది ఆదేశంగా అమలవుతుంది కాబట్టి, మౌస్ లేకుండా ఈ వ్యవస్థలో పని సాగదు. ఒకప్పటి యూఎస్‌బీ మౌస్‌లు చాలావరకు పీఎస్/2 భాష కూడా ఎరిగినవి కనుక చిన్న అడాప్టర్‌తో పని జరిగిపోయేది. కొత్త వాటిలో ఆ వెసులుబాటు అరుదైపోయింది. మధ్యేమార్గంగా, యూఎస్‌బీని పీఎస్/2గా మార్చే చిన్న మైక్రోకంట్రోలర్‌ను బోర్డుపైనే పెట్టవచ్చన్న సూచన ఉంది. అయితే ఆ చిప్పులో నడిచే ప్రోగ్రామ్ విర్త్ పుస్తకంలో ఉండదు. 2013లో ప్రాసెసర్ విషయంలో ఆయన కాదన్నది సరిగ్గా అలాంటి ఏర్పాటునే.